తెలుగు సారు నమాజు

నేను మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి పక్క వీధిలో పుట్టి పెరిగాను. మా అవ్వ ఆ ఆసుపత్రిలో నర్సు. అమ్మ మిషన్ బడిలో టీచరు. నేను ఫిజియోథెరపీ చదివి, తిరిగొచ్చి అదే ఆసుపత్రిలో చేరాను. పక్షవాతం వచ్చినవాళ్ళని లేపి కూర్చోబెట్టడం, నిలబెట్టడం, నాలుగడుగులు వేయించడం నా పని.

మా వీధిలో ముస్లింల ఇళ్ళు చాలానే ఉండేవి. రంజానుకి సేమియా పాయసం మా ఇంటికి వచ్చేది. క్రిస్మస్‌కి మా కజ్జికాయలు వాళ్ళింటికి వెళ్ళేవి. ఐదు పూటలా మసీదు నుంచి పిలుపు వినిపించేది. చిన్నప్పుడు అమ్మ ఆ పిలుపుని బట్టే నన్ను స్నానానికి లేపేది. ఇంత దగ్గరగా ఉండి కూడా, వాళ్ళు వంగి, లేచి, మోకరిల్లి ఏం చెప్పుకుంటారో నలభై ఏళ్ళు దాటేదాకా నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. మాట పడిపోయిన ఒక తెలుగు సారు వల్ల అది నాకు తెలిసింది.

ఆయనది పుంగనూరు. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యారు. వానలు వెనకబడిన ఒక నవంబరులో, పొద్దున్నే పళ్ళు తోముకుంటూ కూలబడిపోయారట. మా వార్డుకి వచ్చేసరికి కుడికాలు, కుడిచేయి పడిపోయి ఉన్నాయి. దానికంటే పెద్ద దెబ్బ మాటకి తగిలింది. మనం చెప్పేది చాలావరకు అర్థమయ్యేది. తిరిగి చెప్పబోతే "అది... అది..." అని అక్కడే ఆగిపోయేవారు. నీళ్ళు కావాలన్నా, దుప్పటి కావాలన్నా అదే మాట. గంటసేపు ఆగకుండా పద్యం చెప్పగలిగిన మనిషి అని ఆయన భార్య చెప్తుంటే, ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు.

ఆమె సన్నగా, పొట్టిగా ఉండేది. చీర కొంగు తల మీదనుంచి జారేది కాదు. ఇంట్లో వాళ్ళ భాష ఉర్దూ. నాతో మాత్రం అచ్చం పుంగనూరు తెలుగులో మాట్లాడేది.

నాలుగో రోజు మధ్యాహ్నం నేను వేరే పేషెంటు దగ్గర ఉండగా నర్సు పరిగెత్తుకుంటూ వచ్చింది.

"మేడమ్, తెలుగు సారు మాట్లాడతాండాడు! గలగలా మాట్లాడతాండాడు!"

వెళ్ళి చూశాను. ఆయన కళ్ళు మూసుకుని పడుకునే ఉన్నారు. నోటినుంచి ఒక్క అక్షరం తడబడకుండా అరబ్బీ వస్తోంది. భార్య మంచం పక్కన నిలబడి కొంగుతో నోరు మూసుకుని ఏడుస్తోంది. ఆయన ఆపగానే నేను ఆత్రంగా అడిగాను.

"సార్, మీ ఊరేది?"

"అది... అది..." అన్నారాయన. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మా డాక్టరుగారు తర్వాత వివరించారు. కొత్తగా అల్లుకుని చెప్పే మాటలు వేరు, ఏళ్ళ తరబడి పలికి పలికి నాలుకకి అలవాటైన మాటలు వేరు. రెండోవి ఒక్కోసారి దెబ్బ తగలకుండా మిగులుతాయట. అయితే పద్యాలూ మిగలాలి కదా అని, మర్నాడు నేను బడిపిల్లలందరికీ వచ్చే ఒక పద్యం ఎత్తుకున్నాను. ఆయన రెండు పదాలు కలిపి, మూడోదాని దగ్గర తెగిపోయారు.

"అవి బడిలో నేర్చుకున్యాడమ్మా. ఇది వాళ్ళమ్మ ఒళ్ళో నేర్చుకున్యాడు" అంది భార్య. "ఏడేండ్లప్పటి నుంచి రోజుకి ఐదుసార్లు చెప్తానే ఉండాడు."

అది ఏమిటని అప్పుడు అడిగాను. ఏడు చిన్న వాక్యాలట. లోకాలన్నిటినీ పోషించేవాడిని పొగడటం, తీర్పు రోజు ఆయనదేనని ఒప్పుకోవడం, మంచి దారి చూపమని అడగడం. ఏ నమాజైనా అవి లేకుండా జరగదని చెప్పింది.

నాది చేతులతో చేసే పని. నా బుర్ర పనివైపే పోయింది. నిలబడటం, నడుం వంచడం, మళ్ళీ నిలబడటం, మోకాళ్ళ మీదకి దిగడం, నుదురు నేలకి ఆనించడం, లేచి కూర్చోవడం. మేము వారాల తరబడి నేర్పే కదలికలన్నీ అందులోనే ఉన్నాయి. పైగా ఆయనకి ఇష్టమైన పని. ఇంతకంటే మంచి వ్యాయామం ఎక్కడ దొరుకుతుంది?

రెండు వారాలకి ఆయన్ని ఇంటికి పంపారు. వారానికి రెండుసార్లు నేను బస్సులో పుంగనూరు వెళ్ళి చూసి వచ్చేదాన్ని. టమాటా లారీలు దారికి అడ్డం పడిన రోజుల్లో గంట ఆలస్యమయ్యేది. ఆయన వరండాలో కుర్చీలో ఎదురుచూస్తూ ఉండేవారు.

డిసెంబరుకి గోడ పట్టుకుని నిలబడగలిగారు. ఒకరోజు నేను వెళ్ళేసరికి నమాజు మొదలుపెట్టేశారు. ఎడమచేయి మంచం కోడు మీద, పక్కన భార్య. నేను ఉత్సాహంగా దగ్గరికి వెళ్ళి, కుడి మోకాలి వెనక చెయ్యిపెట్టి, "మోకాలు బిగించండి సార్. ఆఁ, అట్ల! ఒకటి, రెండు, మూడు..." అని లెక్కపెట్టాను.

ఆయన పలకడం ఆగిపోయింది. ఒక్క నిమిషం అలాగే నిలబడ్డారు. తర్వాత మంచం మీద కూలబడి ఎడమ పిడికిలితో పరుపుని గుద్దారు. నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. కోపం కంటే అవమానమే ఎక్కువగా ఉందా చూపులో.

భార్య నన్ను వంటింట్లోకి పిలిచింది. గొంతు పెంచలేదు.

"అమ్మణ్ణీ, నమాజులో ఉండేటప్పుడు పలకరించకూడదు. అల్లాహు అక్బర్ అని చేతులెత్తినామంటే, కుడిపక్కకీ ఎడమపక్కకీ తిరిగి సలాం చెప్పేదాకా ఈ లోకంతో పనిల్యా. పిల్చినా పలకం. మధ్యలో తెగిపోతే మళ్ళా మొదట్నుంచి చెయ్యల్ల. ఇప్పుడు ఆయనకి నిలబడేదే ఎంత కష్టమో నీకు తెల్సు గదా."

సిగ్గుతో చచ్చిపోయాను. బయటికొచ్చి "తప్పయిపోయింది సార్" అన్నాను. ఆయన తల ఊపి, ఎడమచేత్తో పక్కనున్న స్టూలు చూపించారు, కూర్చోమని. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. ఈసారి కూర్చునే చేశారు. ఆరోగ్యం లేనివాళ్ళు కూర్చుని చేయొచ్చు, కూర్చోలేకపోతే పడుకుని, అదీ కుదరకపోతే తల సైగతో చేయొచ్చని భార్య నా చెవిలో చెప్పింది. ఎలా చేసినా నమాజేనట.

ఆరోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. వ్యాయామం వ్యాయామమే, నమాజు నమాజే. నా పని అయ్యాక ఆయన పని. నేను స్టూలు మీద కూర్చుని నోరు మూసుకుని చూసేదాన్ని.

అలా చూస్తూ ఉంటే, నేను నేర్పాలనుకున్నవి కొన్ని ఆయన ముందే చేస్తున్నారని తెలిసింది. నమాజుకి ముందు వజూ చేసుకుంటారు. మణికట్ల దాకా చేతులు, నోరు, ముక్కు, మొహం, మోచేతుల వరకు చేతులు కడిగి, తల తడి చేసి, పాదాలు కడగడం. ప్రతిసారీ కుడిది ముందు. పక్షవాతం వచ్చినవాళ్ళు పడిపోయిన చేతిని మర్చిపోతారు. అది తమది కానట్టు పక్కన పడేస్తారు. "ఆ చేతిని పట్టించుకోండి, తాకండి" అని మేము రోజూ పోరు పెడతాం. ఈయన మాత్రం రోజుకి ఐదుసార్లు ఎడమచేత్తో కుడిచేతిని ఒళ్ళోకి తీసుకుని, భార్య చెంబుతో నీళ్ళు పోస్తుంటే, మోచేయి దాకా మూడుసార్లు కడిగేవారు. వేళ్ళ మధ్య సందులు కూడా. పసిబిడ్డకి స్నానం చేయించినంత ఓపికగా.

నమాజులో కూర్చునే చోట ఒక ఘట్టం ఉంది. దేవుడు ఒక్కడే, ఆయన తప్ప ఆరాధించదగినవాడు లేడు అని సాక్ష్యం చెప్పేటప్పుడు కుడిచేతి చూపుడువేలు పైకెత్తుతారు. ఆయన వేలు లేచేది కాదు. ఆ మాట దగ్గరికి రాగానే తొడ మీదున్న ఆ వేలుని చూసేవారు. ఒకసారి భార్య ఉండబట్టలేక, నమాజు అయ్యాక, "ఈసారి నేను పట్టుకుని ఎత్తేదా?" అని అడిగింది. వద్దని తల ఊపారు. నేను ఆ వేలికోసం చాలా కష్టపడ్డాను. మా వైద్యంలో అన్నిటికంటే ఆలస్యంగా తిరిగొచ్చేవి వేళ్ళు, కొందరికి అసలు రావు. నేను చూసినన్ని రోజులూ అది లేవలేదు.

జనవరిలో ఒకరోజు వెళ్తే, ఆయన నమాజు మానేశారని భార్య చెప్పింది. మూడు రోజులయిందట. చుట్టుపక్కల ఎవరూ చనిపోలేదు, జ్వరం లేదు, గొడవ లేదు. ఎందుకని అడిగితే ఆయన నోరు చూపించి, గుండె మీద చెయ్యి పెట్టి, ఆ చేతిని గాలిలో అడ్డంగా ఊపారు. మళ్ళీ అదే సైగ. నాకు అర్థం కాలేదు. ఆమెకి అర్థమైంది.

"నోరు చెప్తాంది గానీ మనసు చెప్పలేదంటాండాడు. మాటలు వాటంతట అవే వస్తాండాయి, నేను చెప్పినట్ల కాదు అంటాండాడు. అంతే కదా?"

ఆయన తల వంచుకున్నారు. అవును.

నిజానికి ఆ మాట వైద్యంగా సరైనదే. అవి అలవాటుగా వస్తున్న మాటలే అని మేమే చెప్పాం. ఆయన ముందరే చెప్పాం, మాకు బుద్ధి లేక.

ఆమె నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. తుంచుతూనే అంది.

"యాభై ఏండ్లుగా నేను చేసే నమాజు సంగతి చెప్పేదా? నిలబడితే పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి. వంగితే కూతురు ఫోన్ చెయ్యలేదే అనిపిస్తాది. నుదురు నేలకి పెట్టినప్పుడు ఒక్క చిటికెడు సేపు అల్లా గుర్తొస్తాడు. ఆ చిటికెడు కోసరమే మళ్ళా పొద్దునకి లేస్తాను. నీకు మాత్రం ఇన్నాళ్ళూ మనసంతా ఆడనే ఉండిందా? పిల్లోళ్ళ పరీక్ష పేపర్లు గుర్తుకు రాలేదా?"

ఆయన మొహంలో ఏదో కదిలింది. మూతి ఎడమపక్క పైకి లేచింది. నేను మొదటిసారి ఆయన నవ్వు చూశాను.

"చేద్దామనుకోని కూర్చుంటావే, ఆ అనుకునేది నీదే గదా" అంది ఆమె, కాయలు చేటలోకి ఎత్తుతూ. "అది నోటికి సంబంధించింది కాదు. నియ్యత్తు అంటే అదే."

ఎండ వాలాక వాకిట్లో మళ్ళీ పిలుపు వినిపించింది. ఆయన కుర్చీలో కొంచెం కదిలి, ఆమెవైపు చూసి, ఎడమచేత్తో నీళ్ళు పోసినట్టు సైగ చేశారు. ఆమె లేచి చెంబు తెచ్చింది.

ఆ బస్సు ప్రయాణం అంతా నా ప్రార్థన గురించి ఆలోచించాను. మేము మొక్కుబడి మాటలు వద్దని, మనసులోంచి వచ్చిందే ప్రార్థన అని నేర్చుకున్నవాళ్ళం. అది మంచిదే. కానీ మనసులోంచి ఏమీ రాని రోజుల్లో నేను అసలు మోకరించేదాన్ని కాదు. అలాంటి రోజులు ఎన్నయ్యాయో తలుచుకుంటే భయం వేసింది.

రంజాను ఎండలు మొదలయ్యే నెలలో వచ్చింది. మాకూ ఈస్టరు ముందు ఉపవాసాలుండే శ్రమల దినాలు అప్పుడే. పుంగనూరులో రోజాని చాలామంది ఒక్కపొద్దు అనే అంటారు. తెల్లవారకముందు తినడం, పొద్దు గుంకేదాకా చుక్క నీళ్ళు కూడా ముట్టకపోవడం. సారుకి బీపీ, షుగరు మాత్రలు మూడు పూటలా ఉన్నాయి. నీళ్ళు తగ్గితే మళ్ళీ దెబ్బ తగలొచ్చు. డాక్టరు గట్టిగా వద్దన్నారు. మొదటి రోజే ఆయన మాత్రలు తోసేశారు. రెండో రోజు నోరు తెరవలేదు. భార్య ఆసుపత్రికి ఫోన్ చేసింది.

నేను వెళ్ళేసరికి పెదాలు ఎండిపోయి కుర్చీలో ఒరిగి ఉన్నారు. నేను చెప్పిన మాటలేవీ ఎక్కలేదు. అప్పుడామె మసీదులో నమాజు చేయించే హజరత్‌ని పిలిపించింది. ముప్పై ఏళ్ళు కూడా లేని మనిషి. సారు దగ్గరే బడిలో తెలుగు చదువుకున్నాడట. వచ్చి, కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. నాకూ తెలియాలనేమో, తెలుగులోనే మాట్లాడాడు.

"సార్, రోగంతో ఉండేవాళ్ళకి ఒక్కపొద్దు లేదని చెప్పింది ఎవురు? డాక్టరు కాదు. మాత్రలిచ్చిన కంపెనీవాళ్ళు కాదు. ఉండమన్న దేవుడే వద్దన్నాడు. ఉండమన్నప్పుడు వింటిరే, వద్దన్నప్పుడు యాల వినరు?"

సారు కళ్ళు మూసుకున్నారు.

"మళ్ళా బాగైతే తర్వాత ఉండొచ్చు. బాగయ్యేది లేదంటే రోజుకి ఒక పేదమనిషికి అన్నం పెట్టండి. అదే మీ ఒక్కపొద్దు. ఈ మాట నాకు చెప్పింది మీరే సార్. మా నాయన కిడ్నీ జబ్బుతో ఉండి మొండికేస్తే, మా ఇంటికొచ్చి మీరే గదా చెప్పినారు."

సారు కన్నీళ్ళు గడ్డం దాకా కారాయి. తర్వాత నోరు తెరిచారు. భార్య మాత్ర వేసి నీళ్ళు తాగించింది. హజరత్ ఆయన కాళ్ళు రెండు నిమిషాలు ఒత్తి, లేచి వెళ్ళిపోయాడు.

అన్నం పెట్టే పనిని సారు ఎవరికీ వదిలిపెట్టలేదు. బియ్యం ఒకేసారి ఇచ్చేయొచ్చని భార్య చెప్పినా వినలేదు. మసీదు పక్క సందులో ఒంటరిగా ఉండే పెద్దామె ఒకామె, కళ్ళు సరిగా కనపడవు, రోజూ సాయంత్రం వచ్చేది. ఆమెకి తన కుడిచేత్తో వడ్డించాలని ఆయన పట్టు. ఆ పట్టు నాకు నచ్చింది. గరిటె కాడకి పాత గుడ్డ చుట్టి లావు చేశాను. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఎత్తడం నేర్పాను. మొదటి రోజు అన్నం సగం చాప మీద పడింది. ఆయన మొహం ఎర్రబడిపోయింది.

చప్పుడుని బట్టి పెద్దామెకి సంగతి తెలిసినట్టుంది. "నిదానంగా వెయ్యప్పా సారూ" అంది. "పొద్దు గుంకేదానికి ఇంకా టైముండాది. నేను యాడికీ పోను."

వారానికి పళ్ళెంలో పడింది. రెండు వారాలకి పప్పు కూడా ఒలక్కుండా పోయగలిగారు. పిలుపు వినపడగానే ఆమె ఖర్జూరం నోట్లో పెట్టుకుని, నీళ్ళు తాగి, అన్నం కలుపుకునేది. ఆయన చూస్తూ కూర్చునేవారు. ఆయన మధ్యాహ్నం తిన్న రెండు ఇడ్లీల సంగతి నాకూ, ఆయన భార్యకీ తప్ప ఎవరికీ తెలియకూడదు. ఆమె తలుపు మూసి తినిపించేది.

పండగ తర్వాత కుప్పంలో కాలేజీలో పనిచేసే కూతురు వచ్చి ఇద్దరినీ తనతో తీసుకెళ్ళింది. వ్యాయామాలు అల్లుడికి చూపించడానికి నేను ఒకసారి వెళ్ళాను. వి.కోట దాటాక బస్సులో సగం తమిళం, సగం కన్నడం. సారు చేతికర్రతో వీధి చివరి మసీదు దాకా నడుస్తున్నారు. వరుస చివర ఆయన కుర్చీకి చోటు వదిలేస్తారట. ఇరవై, పాతిక మాటలు వచ్చాయి. నన్ను చూసి, "అమ్మా... రా... తిను" అన్నారు. మూడు మాటలు వరుసగా!

మక్కాకి పోవాలని ఇద్దరూ ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నారని అప్పుడే తెలిసింది. శక్తి ఉన్నవాళ్ళకే ఆ బాధ్యత, ఇప్పుడు మా మీద లేదు అని ఆమె తేలిగ్గానే అంది. కాని చెప్తూ చెప్తూ బీరువా తెరిచి, ఎప్పుడో కొని పెట్టుకున్న తెల్లబట్టలు చూపించింది.

ఏడాది తిరక్కుండానే, ఒక పొద్దున కూతురు ఫోన్ చేసింది. తెల్లవారుజాము నమాజు కూర్చుని చేసి, మంచం మీద ఒరిగి, మళ్ళీ లేవలేదట. నేను కుప్పం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికే మట్టి చేసి వచ్చేశారు. వాళ్ళలో ఆలస్యం చేయరు. కడిగి, కుట్టులేని తెల్లబట్ట చుట్టి, అందరూ వరుసల్లో నిలబడి ప్రార్థించి తీసుకెళ్తారు. ధనవంతుడికైనా అదే బట్ట.

ఆమె లోపలి గదిలో ఉంది. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటకుండా ఉండాలి. నేను పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాను.

"అల్లా ఇచ్చిన మనిషే, ఆయన దగ్గరికే పోయినాడు" అంది. "ఏడ్సొచ్చు అమ్మణ్ణీ. గుండెలు బాదుకోకూడదు, అంతే."

ఇద్దరం ఏడ్చాం. కాసేపటికి నన్ను తిన్నావా అని అడిగింది. తినలేదంటే కూతుర్ని పిలిచి కేకలేసింది.

ఆ గడువు తీరాక మోకాళ్ళ నొప్పులకి ఆమె మదనపల్లె వచ్చింది. నా గదిలో వ్యాయామం చేస్తుండగా పిలుపు వినిపిస్తే, కుర్చీని మక్కా ఉండే పడమరవైపు తిప్పి, తెర లాగాను. బయట పేషెంట్లు పది నిమిషాలు ఆగారు, ఎవరూ ఏమనలేదు.

ఇప్పుడు కొత్త పేషెంటు రాగానే, రోజూ తప్పకుండా చేసే పని ఏదని అడుగుతున్నాను. కురబలకోట నుంచి వచ్చిన ఒకాయన గొర్రెలని లెక్కపెట్టడం అన్నాడు. ఒకామె వాకిట్లో ముగ్గు వేయడం అంది. అడిగాక ఆగి వింటాను. వాళ్ళు ఆ పని చేసి చూపిస్తుంటే మధ్యలో చెయ్యి పెట్టను.